దోషము పుట్టిన చోటు

సంగారెడ్డి పట్టణము నానుకొనియున్న పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో హైదరాబాదు బస్సు ఎక్కినవారికి కంది, రుద్రారము, ఇస్నాపురము, పటాన్‌చెరు వరుసగా వచ్చును. కందిలో భారతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. 2008లో ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారము ఆవరణలో తాత్కాలికముగ ప్రారంభమైన ఆ విద్యాలయము 2015లో కందికి తరలివచ్చినది. అచటినుండి తూర్పునకు సాగినకొలది పొగగొట్టములు, మందుల కర్మాగారములు, బారులు తీర్చిన లారీలు కన్నులకు కట్టును.

ఈ దారికి దాపున ఇసుకవాగు, నక్కవాగు అను రెండు చిన్న ప్రవాహములు కలవు. ఇసుకవాగు నక్కవాగులోను, నక్కవాగు మంజీరలోను, మంజీర గోదావరిలోను కలియును. వాగునకు దిగువనున్న పల్లెలో బావినీరు రంగుమారినచో, రైతు మొదట తన బావినే శంకించుట సహజము. పూడిక తీయించును, సున్నము చల్లించును, గుణము కానరాదు. ఏలయన దోషము బావిలో పుట్టలేదు. ఆ పల్లెల రైతులు దీనిని గ్రహించి ఎగువనున్న కర్మాగారములపై న్యాయస్థానములవరకు వెళ్లిరి. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ప్రాంతపు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. దాదాపు 90 మందుల కర్మాగారముల మురుగు ఆ కేంద్రమునకు చేరుచుండెను. శుద్ధి యయినదనబడు ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉండెను. ఆ మందు మింగిన రోగి రక్తములోనైనను అంత పాలు ఉండదు. బావిగట్టున నిలిచి ఎంతకాలము తొంగిచూచినను ఈ సంగతి తెలియదు. నీటి జాడపట్టి ఎగువకు నడచినవారికే తెలియును.

కందిలోని విద్యార్థులును, హైదరాబాదులోని ఇంజనీర్లును సాఫ్ట్‌వేరు పనియని చేయుదానిలో పెద్దభాగము ఇట్టి ఎగువనడకయే. సాఫ్ట్‌వేరనగా యంత్రమునకు వ్రాసియిచ్చిన ఆజ్ఞల సముదాయము. పెద్ద సాఫ్ట్‌వేరులో ఆ ఆజ్ఞలు లక్షల పంక్తులుండును. వానిని ఒక్కరు వ్రాయరు. మొత్తముగ చదివినవారును ఉండరు. ఒక భాగము ఏదో లెక్కకట్టి ఫలితమును రెండవ భాగమునకు ఇచ్చును. అది నమ్మి పుచ్చుకొని, తన లెక్క తాను కట్టి, మూడవదానికి అందించును. మొదటి లెక్క తప్పినచో ఆ తప్పు చేతులు మారుచు ప్రయాణము చేయును. చెడిన నీటికైనను రంగు, వాసన ఉండును. చెడిన సంఖ్యకు అవి లేవు. 500 ఉండవలసినచోట 50 ఉన్నను, 50 అనునది చూచుటకు నిర్దోషమైన సంఖ్యయే. ఎచటనో పదిమెట్ల దిగువన, దానిని ఏమాత్రము ఎరుగని ఒక భాగము దానిని పట్టుకొని కూలిపోవును. అందరి చూపులును ఆ కూలినదానిపై పడును.

1996 జూన్ 4వ తేదీన ఐరోపా దేశములవారి ఆరియాన్ 5 అను క్రొత్త రాకెట్టు మొదటిసారిగ ఎగిరి, బయలుదేరిన 40 క్షణములలోపలనే గాలిలో తునియలయ్యెను. చూచినవారికి కనబడినది రాకెట్టు ఉన్నట్టుండి పక్కకు తిరుగుట. దాని గొట్టములను అట్లు త్రిప్పినది రాకెట్టులోని ముఖ్య కంప్యూటరు. అది పిచ్చిదై త్రిప్పలేదు. తనకు అందిన వార్తనుబట్టి సక్రమముగనే త్రిప్పెను. వార్తనిచ్చినది రాకెట్టు ఎటు తిరిగియున్నదో చెప్పవలసిన మరియొక యంత్రము. ఆ యంత్రము అప్పటికే పనిమానినది. మానుచు తన రోగలక్షణములను తెలుపు అంకెలను పంపెను. ముఖ్య కంప్యూటరు ఆ అంకెలను దారి కొలతలనుకొనెను. అది ఏల పనిమానినది? రాకెట్టు అడ్డుగా సాగు వేగమునకు సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 32,767కు మించి పట్టని చిన్న గడిలో కుక్కుటకు ప్రయత్నించి. అంత చిన్న గడి ఏల యున్నది? ఆ ప్రోగ్రాము ఆరియాన్ 4 అను పాత రాకెట్టు కొరకు వ్రాసినది గనుక. పాత రాకెట్టు అంత వేగముగ అడ్డుదిశలో సాగెడిది కాదు. అన్నిటికంటె విచిత్రమేమనగా, ఆ లెక్క క్రొత్త రాకెట్టు నేల విడిచిన తరువాత దేనికిని అవసరము లేనిది. ఒకటి చెడిన ఇంకొకటి యుండవలెనని అట్టి యంత్రమునే మరియొకదానిని అమర్చిరి. రెండింటిలోను అదే ప్రోగ్రాముండుటచే రెండును ఒకే కారణముచే ఆగిపోయినవి.

నకలు చేయుటలో తప్పు ప్రయాణించుట తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. అచ్చు రాకముందు పద్యమునకు తాటాకే గతి. ఒక లేఖకుడు జారవిడిచిన పాదము వాని ప్రతినుండి ఎత్తి వ్రాసినవారందరి ప్రతులలోను జారిపోవును. వేమన పద్యములను 1829లో అచ్చువేయించిన సి.పి. బ్రౌను ఒక్క ప్రతిని నమ్మినవాడు కాడు. అనేక ప్రతులను సేకరించి, పండితులచేత పక్కపక్కన పెట్టించి చదివించెను. రెండు ప్రతులలో ఒకే వింతతప్పు ఒకేచోట యున్నచో, ఆ రెండును ఒక తల్లిప్రతికి బిడ్డలని అనుమానింపవచ్చును. ఒప్పులు ఎవరికైనను కలియును. తప్పులు కలియుటయే చుట్టరికమునకు గుర్తు.

ఇంజనీర్లకును ఇట్టి పని ఒకప్పుడు కుప్పలుగ వచ్చిపడినది. కంప్యూటరులో చోటు మిక్కిలి ఖరీదైన దినములలో సంవత్సరమును నాలుగంకెలకు బదులు రెండంకెలతో వ్రాసెడివారు. 1999 తరువాత వచ్చు 00ను యంత్రము 1900 అనుకొనునను భయము శతాబ్దాంతమున ప్రపంచమును పట్టుకొనెను. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయములలో చదివి అమెరికా వెళ్లిన తెలుగు యువకులలో అనేకులకు ఆ పాత ప్రోగ్రాములను చక్కదిద్దుటయే ఉపాధి యయ్యెను. తేదీ యను పేరుతో ఉన్నదానిని మార్చుట సులభము. కాని ఆ తేదీని ఒకచోట గడువను పేరుతో, ఇంకొకచోట వయస్సను పేరుతో, వేరొకచోట వడ్డీ లెక్కలో పేరు లేకుండనే వాడియుందురు. పేరు మార్చుకొని తిరుగువానిని వెదకినట్లు, ఆ రెండంకెలు ఏ గడినుండి ఏ గడికి పోయెనో పంక్తి వెంబడి పంక్తి చదువవలసివచ్చెను. 2000 జనవరి 1వ తేదీన పెద్ద ఉపద్రవమేదియు రాలేదు. రాకపోవుటచే, ఆ శ్రమ అనవసరమైనదని నవ్వినవారును ఉండిరి.

ఇవన్నియు దూరపు సంగతులు. తెలుగు అక్షరమే ముద్దాయిగ నిలువబడిన సంగతి ఒకటి కలదు.

2018 ఫిబ్రవరి నెల నడుమ, ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు ఒక వింతరోగము పట్టుకొనెను. సందేశములో ఒక తెలుగు అక్షరము వచ్చినంతనే, ఆ సందేశమును చూపు యాప్ మూతపడెను. మరల తెరచినచో మరల మూతపడెను. సందేశము తెరమీద ముందుగ మెరయు చిన్న ప్రకటనలో వచ్చినయెడల చిక్కు ఇంకను పెద్దది. యాప్‌లన్నిటికిని ముంగిలియైన తెరను నడపు ప్రోగ్రామే కూలిపోయెడిది. వాట్సాప్, ఉత్తరముల యాప్, బ్రౌజరు, నాడు ట్విట్టరనబడినది, అన్నియు ఒకే తీరున పడిపోయెను. ఆకతాయిలు కొందరు ట్విట్టరులో తమ పేరులోనే ఆ అక్షరమును చేర్చుకొని, తమను చూచినవారి ఫోనులన్నియు కూలునట్లు చేసి సంతోషించిరి. దేశదేశముల పత్రికలును ఈ వార్తను ప్రకటించెను. తెలుగు లిపిని ఎన్నడును చూచి యెరుగనివారు దానిని మొదటిసారి చూచినది ఒక అక్షరబాంబు రూపములో!

ఆ అక్షరము 'జ్ఞా'. జ్ఞానమునకు తొలియక్షరము.

నేరము మోపుటకు ఇరువురు సిద్ధముగ నుండిరి: కూలిన యాప్ ఒకటి, కూల్చిన అక్షరము రెండవది. కాని సాక్ష్యము ఇరువురికిని అనుకూలముగనే యున్నది. ఒకదానితోనొకటి సంబంధములేని యాప్‌లు, వేర్వేరు సంస్థలవారు వ్రాసినవి, ఒకే దెబ్బకు పడినవి. పది యిండ్లలో ఒకే దినమున ఒకే రోగము వచ్చినచో వైద్యుడు ఒక్కొక్క ఇంటి వంటను పరీక్షింపడు. పదిమందియు నీరు తెచ్చుకొను చోటేదియని అడుగును. ఇక అక్షరమా, అదే సందేశము ఆండ్రాయిడు ఫోనులలో చక్కగ కనబడెను. అంతేకాదు, ఐఫోనులకే రాబోవు సాఫ్ట్‌వేరుగ అప్పటికి పరీక్షలో నున్న 11.3 అను కూర్పులోను ఏ హానియు కలుగలేదు. అక్షరము విషమైనచో ఇన్ని చోట్ల అమృతముగ నుండుటెట్లు?

యాప్‌లన్నిటికిని అడుగున ఉమ్మడిగ నున్నది కోర్‌టెక్స్ట్ అను ఒక భాగము. ఏ యాప్ ఐనను అక్షరములను తెరపై వ్రాయవలసినపుడు, ఆ పనిని దానికి అప్పగించును. అది చేయు పని చిన్నది కాదు. కంప్యూటరు 'జ్ఞా' అను రూపమును దాచుకొనదు, సంఖ్యలను దాచుకొనును. యూనికోడు అను లోకసమ్మతమైన పట్టికలో జకు 3100, పొల్లునకు 3149, ఞకు 3102, దీర్ఘమునకు 3134 సంఖ్యలు. ఈ నాలుగు సంఖ్యలను చూచి, ఞను వత్తుగ మార్చి, జక్రింద సరియైన తావున వ్రేలాడదీసి, దీర్ఘమును చేర్చి ఒక్క బొమ్మగ కూర్చవలెను. ఒకటవ తరగతి పిల్లవాడు పలకమీద నేర్చుకొను పనియే. యంత్రమునకు మాత్రము చాల నియమములతో నేర్పవలెను.

ఇచటనే అసలు రహస్యము బయటపడెను. ఫోనులను కూల్చుచున్న సందేశములో సంఖ్యలు నాలుగు కావు, ఐదు. 3102కును 3134కును నడుమ 8204 అను సంఖ్య యుండెను. దానికి రూపము లేదు, వెడల్పును లేదు. తెరపై అది కనబడదు. అక్షరములు ఒకదానితో నొకటి అతుకకుండ ఆపుటకు అది ఏర్పడినది. తెలుగులో దానికి ప్రతిదినము పని యున్నది. 'సాఫ్ట్‌వేరు' అను మాటలో టకు క్రింద వ వత్తుగ చేరక విడిగా నిలుచుటకు, పొల్లు తరువాత ఆ అదృశ్యాక్షరమునే పెట్టుదురు. ఈ పుటలో ఆ మాట అచ్చయిన చోటులలోను అది యున్నది. పాఠకుని కంటికి కానరాదు, అంతే. కాని జ్ఞాలో ఞకును దీర్ఘమునకును నడుమ దానికి చేయదగిన పని యేదియు లేదు. పెండ్లివిందులో ఏ తరపువాడో తెలియక కూర్చుండిన అతిథివంటిది అది. వాడు మంచివాడే, వాని విస్తరి ఎచట వేయవలెనో వడ్డించువానికి తోచలేదు.

అనగా, తెలుగువారు మామూలుగ వ్రాసికొను జ్ఞానము, జ్ఞాపకము అను మాటలు ఏ ఫోనునకును ఏ హానియు చేయలేదు. ముద్దాయి పేరు జ్ఞా అని దేశములన్నియు చెప్పుకొనుచుండగ, నిజమునకు దానిపక్కన ఇంకొకరు నిలుచుండిరి.

మొజిల్లా సంస్థలో పనిచేయుచుండిన మనీష్ గోరెగావ్‌కర్ అను ఇంజనీరు ఇంకను ముందునకు పోయెను. కోర్‌టెక్స్ట్ లోపలి ఆజ్ఞలు ఆపిల్ సంస్థకే తెలిసినవి. బయటివాడు వానిని చదువలేడు. అతడు చేసినది వేరు. కూల్చు వరుసలో ఒక్కొక్క సంఖ్యను మాత్రమే మార్చి చూచెను. అదృశ్యాక్షరమును తీసివేసినచో కూలదు. జకు బదులు వేరు హల్లును పెట్టినను కూలును. ఞ స్థానములో ఏ తెలుగు హల్లు నుంచినను కూలును. దీర్ఘమునకు బదులు ఇతర గుణింతపు గుర్తులను పెట్టినను కూలును. ఐత్వమునకు మాత్రము కూలదు. ఐత్వము పైనొకటి క్రిందొకటిగ రెండు ముక్కలు గల గుర్తు. తరువాత ఇతర లిపులను పరీక్షించెను. దేవనాగరిలో రెండవ హల్లు ర అయినపుడు, వంగలిపిలో ర గాని య గాని అయినపుడు ఇట్లే కూలును. వీనికన్నిటికిని పోలిక యేది? మొదటి హల్లు రూపము చెడక, రెండవ హల్లే రూపు మార్చుకొని దానికి తగులుకొనుట. తెలుగులో వత్తులన్నియు అట్టివే. కావుననే తెలుగునకు ఎక్కువ పాలు దక్కినది. ఇట్లు ఒక్క అక్షరముతో మొదలైన అపవాదు, మూడు లిపులకు చెందిన ఒక నియమముగ తేలెను. పెట్టె మూత తెరువకుండనే, తట్టి చప్పుడు విని లోపల ఏమున్నదో చెప్పినట్లు ఆ పరిశోధన సాగినది. ఇట్టి ఓపికకు పరికరములు అక్కరలేదు. ఒకసారికి ఒక్కటే మార్చవలెనను నిగ్రహమొక్కటి చాలును. అదియే దుర్లభము.

ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 అను కూర్పును విడుదల చేసెను. ఐఫోనులకే గాక మాక్ కంప్యూటర్లకును, చేతిగడియారములకును, టీవీ పెట్టెలకును ఆనాడే దిద్దుబాటు వచ్చెను. అన్నింటను ప్రవహించునది ఆ ఒక్క కోర్‌టెక్స్ట్ యే గదా! దోషము కోర్‌టెక్స్ట్‌లో నున్నదనియు, ఒకానొక అక్షరముల వరుసచే జ్ఞాపకస్థలము చెడుచుండెననియు, లోనికి వచ్చు వరుసను ఇకమీదట మేలుగ పరీక్షింతుమనియు ఆ సంస్థ తన ప్రకటనలో తెలిపెను. యంత్రపు జ్ఞాపకమును పాడుచేసినది 'జ్ఞాపకము'నకు తొలియక్షరమే యగుట వింత. కూలినది యాప్; కూల్చినది దాని అడుగున చెడిన జ్ఞాపకస్థలము; దానిని చెడగొట్టినది అక్షరములను కూర్చు భాగము; దానిని తికమక పెట్టినది ఎవరును ఊహింపని ఒక వరుస. నాలుగు మెట్లు.

ఈ నాలుగు మెట్లు ఎక్కక మొదటిమెట్టుననే నిలిచియుండిన ఏమి జరిగెడిదో ఆలోచింపదగును. ఒక్కొక్క యాప్‌వారు తమ వాకిట కావలివానిని నిలిపి, ఆ అక్షరము వచ్చినచో త్రోసివేయుమని చెప్పియుండవచ్చును. ఫోనులు కూలుట తగ్గెడిది, పత్రికలు మరచెడివి. కాని పాశమైలారపు కర్మాగారములో రాత్రిపని చేయు మనిషి పోతిరెడ్డిపల్లిలోని తన కూతురికి పరీక్షలముందు 'విజ్ఞానశాస్త్రము బాగుగ చదువు' అని పంపినచో, నడుమ ఒక అక్షరము మాయమయ్యెడిది. ఏలయని అడుగుటకు ఆతనికి తావు తెలియదు. కావలివాడు జ్ఞాను ఆపినను, ఇతర హల్లుల జంటలతో అదే రోగము వచ్చుచునే యుండెడిది. వంగలిపివాడును హిందీవాడును వేర్వేరుగ మొరపెట్టుకొనెడివారు. దిగువన వేసిన అడ్డుకట్టలెన్నియైనను ఎగువనున్న ఊటను మాన్పవు.

ప్రోగ్రామును వ్రాసినవారికి, బయటివారికి లేని ఆనవాళ్లు రెండు కలవు. ప్రోగ్రాము కూలినపుడు ఒక పట్టిక మిగులును. కూలిన భాగమును ఎవరు పిలిచిరి, వారిని ఎవరు పిలిచిరి అని మొదటివరకు వరుసగ అందులో నుండును. కబురు తెచ్చినవానిని నిలిపి, నిన్నెవరు పంపిరి, వారినెవరు పంపిరి అని అడుగుచు కరణము గడపవరకు పోయినట్లుండును అది. అయితే ఈ పట్టిక పిలుపుల దారిని చెప్పునేగాని తప్పుడు సంఖ్య వచ్చిన దారిని ఎల్లప్పుడు చెప్పదు. జ్ఞాపకస్థలము చెడినచోట ఒకరు, ఆ చెడినదానిని తరువాతనెప్పుడో త్రొక్కి పడినవారు వేరొకరు. పడినవాని పేరే పట్టికలో నుండును.

రెండవ ఆనవాలు కాలము. ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పును తేదీతో దాచియుంతురు. నిరుడు బాగుండి నేడు చెడినచో, నడుమ వెయ్యి మార్పులున్నను వెయ్యి పరీక్షలు అక్కరలేదు. అయిదువందలవ మార్పునాటి కూర్పును నడిపి చూతురు. అది బాగున్నచో దోషము తరువాతి సగములో, చెడియున్నచో ముందటి సగములో నుండును. ఆ సగమును మరల సగము చేయుదురు. 2ను పదిమారులు హెచ్చించిన 1,024 అగును గనుక, పది పరీక్షలలో ఆ ఒక్క మార్పు చేతికి చిక్కును. నిఘంటువులో మాటను వెదకు విద్యార్థి నడుమకు తెరచి, ముందునకో వెనుకకో త్రిప్పుట ఇటువంటిదే. వాడు దానిని విద్యయని అనుకొనడు.

చిక్కిన దోషమును దిద్దినంతనే పని ముగియలేదు. ఇంకొకనాడు ఇంకొకరి మార్పుతో అది మరల తలయెత్తవచ్చును. కావున ఏ వరుస యంత్రమును కూల్చెనో ఆ వరుసనే పరీక్షగ దాచి, క్రొత్త కూర్పు తయారైన ప్రతిసారియు దానిని మ్రింగించి చూచుట ఇంజనీర్ల వాడుక. అట్టి కొంటె వరుసలను ఏర్చి కూర్చి, ఎవరైనను ఉచితముగ వాడుకొనుటకు బహిరంగముగ ఉంచిన ఒక పెద్ద పట్టిక కలదు. ఫోనులను ఒకప్పుడు కూల్చిన వరుసలకు అందులో ప్రత్యేకముగ ఒక భాగమున్నది. అరబ్బీ అక్షరములు గల ఒక వరుసతోపాటు, 3100, 3149, 3102, 8204, 3134 అను ఆ ఐదు సంఖ్యలును ఆ భాగములో ఉన్నవి. తెలుగు ఒక్క ముక్క రాని ఇంజనీరు కూడ ఆ పట్టికను తెచ్చుకొని తన ప్రోగ్రామును పరీక్షించినపుడు, దానిచేత ఒకమారు 'జ్ఞా' వ్రాయించి చూచును.